జూలై ఒకటిన పుట్టినవాళ్ళు

జూన్ 22, శనివారం

కంటి డాక్టరు చదవొద్దన్నాడు. రాయొద్దని మాత్రం అనలేదు. అడిగితే అదీ వద్దంటాడని నేనూ అడగలేదు.

కుడికంట్లో పొర తీసి కొత్త అద్దం పెట్టాడు. ఎడమకన్ను ఎప్పటినుంచో పేరుకే కన్ను. "పేపరు, ఫోను, టీవీ కొన్నాళ్ళు మానేయండి మామ్మగారూ" అన్నాడు. పేపరు మానేస్తే కన్ను బాగుపడుతుందా అని అడిగాను. "బీపీ కూడా బాగుపడుతుందండి" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో నాకు నచ్చాడు.

అక్షరాలు గుమ్మడికాయలంత వస్తున్నాయి. వరసలు ఎటు పోతున్నాయో తెలియదు. ఎవరు చదవాలి గనక.

జూన్ 23, ఆదివారం

ఊహ తెలిశాక పేపరు చదవని మొదటి ఆదివారం. మిరియం చదివి వినిపిస్తానంది.

మిరియం మా అమ్మాయి కూతురు. పుట్టినప్పుడు ఇంతే ఉండేది, ఏడుపు మాత్రం వీధి చివరిదాకా. అందుకని నేను పెట్టిన పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాగితాల్లో ఉంది, నా నోట్లో లేదు. ఆఫీసు నాలుగడుగుల దూరమని నా దగ్గరే ఉంటోంది. పేపర్లో డేటా డెస్క్. అంటే నేను పేపర్లో పనిచేసే రోజుల్లో మేము లెక్కల గది అనేవాళ్ళమే, అదే. కాకపోతే గది లేదు, బల్లలున్నాయి. ఇంకా పర్మనెంటు చెయ్యలేదు.

చదవడం మొదలుపెట్టి, ప్రతి వార్త దగ్గరా ఆగి "వీడికి శాతాలు రావు", "ఈ గ్రాఫు బొమ్మలో అడుగు గీత సున్నా నుంచి మొదలవలేదు చూడు" అంటూ మూడో పేజీకి అలిసిపోయింది. నాకు వార్తలు వినపడలేదు గానీ, నేను వినపడ్డాను.

జూన్ 25, మంగళవారం

దీని చేతిలో ఏదో పెద్ద కథ పడింది. నేను గదిలోకి వెళితే కంప్యూటరు మూత దించేస్తోంది.

"నాకు ఒంటికన్నే. అదీ చదవకూడని కన్ను. ఎందుకే ఆ దాపరికం?" అన్నాను.

"నీ చెవులు బానే ఉన్నాయి కదా అమ్మమ్మా" అంది.

అడగలేదు ఇంక. మేమూ ఇంట్లో చెప్పేవాళ్ళం కాదు. అచ్చయ్యేదాకా కథ సంగతి కన్నతల్లికైనా చెప్పకూడదనేది గదిలో నియమం. నాకూ మా ఆయనకూ మాత్రం ఆ బాధ లేకపోయింది. ఇద్దరిదీ ఒకటే గది.

నాకేం కోపం లేదు.

జూన్ 26, బుధవారం

పళ్ళు తోముకుంటూ వచ్చి అడిగింది. "అమ్మమ్మా, అరవై వేల మంది ఉన్నారనుకో. అందులో ఒకే తేదీన పుట్టినవాళ్ళు ఎంతమంది ఉండొచ్చు?"

నోటిలెక్కే. "నూట అరవై, నూట డెబ్బై. కొంచెం అటూ ఇటూ."

"ఎంత అటూ ఇటూ?"

"రెండొందలు దాటితే అనుమానించు. వేలల్లో ఉంటే అది పుట్టుక కాదు, ఎవడో రాసిన రాత."

నురగతోనే నవ్వి వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ వచ్చి, "పొద్దున అన్నది మళ్ళీ అను, రాసుకుంటాను" అంది. మళ్ళీ అన్నాను. గొంతు సవరించుకుని మరీ అన్నాను. చాలా ఏళ్ళయింది నా మాట ఎవరైనా రాసుకుని.

జూన్ 27, గురువారం

చుక్కల మందు వేయించుకోవడానికి వెళ్ళి వస్తుంటే బస్సు మా పాత పేపరు ఆఫీసు ముందు ఆగింది. పరుపుల దుకాణం పెట్టారు. మా గది ఉన్న మేడ మీద దూదిపరుపులు ఒకదానిమీద ఒకటి పేర్చి, అద్దంలోంచి వీధికి కనపడేలా పెట్టారు. ఆ గదిలో మేము నిద్రపోయిన దాఖలా లేదు. ఇప్పుడు నిద్ర అమ్ముతున్నారు.

ఫ్యాను వేసుకునేవాళ్ళం కాదు, అంకెలు రాసుకున్న కార్డులు ఎగిరిపోతాయని. చెప్పుల పెట్టెల్లో కార్డులు. కూడే యంత్రానికి పక్కన పిడి ఉండేది. లాగితే గదంతా కరకరమనేది. ఆయన కిటికీ దగ్గర గళ్ళకాగితం మీద గీతలు గీస్తూ, నేను అంకెలు చదువుతుంటే తల ఎత్తకుండానే "ఆ ఏడో అంకె మళ్ళీ చదువు, అది నమ్మేలా లేదు" అనేవారు. పెళ్ళయ్యాక ఇంట్లో కూడా అంతే. కూరగాయల చీటీ చదివినా అదే మాట.

మా ఎడిటరుకి మేం పెట్టుకున్న పేరు గుండుసూది. ఎంత పట్టిక కట్టి తీసుకెళ్ళినా చూసేవాడు కాదు. జేబులోంచి గుండుసూది తీసి ఇచ్చేవాడు. ఆటల పేజీ చూసే కుర్రాడిని పిలిచి, కళ్ళు మూసుకుని జాబితా మీద పొడవమనేవాడు. పొడిచినచోట ఏ పేరుంటే ఆ గుమ్మానికి మేం వెళ్ళాలి. పది గుమ్మాలు. చూసొచ్చి పట్టిక మూల పొట్టి సంతకం పెడితేగానీ అచ్చుకి వెళ్ళేది కాదు. మేమే ఎందుకు ఎంచుకోకూడదు అని అడిగాను ఒకసారి. "నువ్వు ఎంచుకుంటే నీకు కావలసిన గుమ్మమే తెరుచుకుంటుందమ్మా" అన్నాడు.

వీధిదీపాల కథ అలా వచ్చిందే. మునిసిపాలిటీ జాబితా ప్రకారం ఊరంతా దీపాలే. సంజెవేళ ఆయన జాబితా పట్టుకుని, నేను తల పైకెత్తుకుని, వీధి వీధీ నడిచాం. ఉన్న స్తంభాల కంటే లేని స్తంభాలే ఎక్కువ. లేని దీపం కింద నిలబడి ఆయన అడిగారు, రేపు కూడా వస్తారా అని. రేపు ఆఫీసు పనేగా, రాక ఏం చేస్తాను అన్నాను. అలా అడగలేదట ఆయన. ఆ సంగతి వారం తర్వాత తెలిసింది.

ఎక్కువ రాశాను. కన్ను నీరు కారుతోంది.

జూన్ 28, శుక్రవారం

చుక్కలు. నిద్ర. చుక్కలు.

జూలై 1, సోమవారం

ఆఫీసు నుంచి వస్తూ కేకు తెచ్చింది, ప్రతి ఏడూ తెచ్చినట్టే. ఒకటే కొవ్వొత్తి. "అన్నీ పెడితే ఫైరింజను వస్తుంది" అంది. కోశాను. తిన్నాం. తర్వాత కంప్యూటరు తెచ్చి నా ముందు తెరిచింది.

"చదవకు. విను. నీకిదే నా కానుక."

నిటారుగా కూర్చుని చదివింది. శీర్షిక: ఒకే రోజు పుట్టిన పదకొండు వేల మంది. డెబ్బై దాటినవాళ్ళకి ఇచ్చే ఉచిత బస్ పాసులు అరవై వేలు. అందులో పదకొండు వేల పాసుల మీద పుట్టినతేదీ జూలై ఒకటి. ఇవన్నీ లేని మనుషుల పేరుమీద పుట్టించిన దొంగ పాసులని అనుమానం. ఇలాంటివి వెంటనే ఆపేస్తామనీ, కావలసినవాళ్ళు పుట్టిన సర్టిఫికెట్టు తెచ్చి నిరూపించుకోవాలనీ రవాణా శాఖ అధికారి అన్నాడు. మధ్యలో ఒక మాట: "వేలల్లో ఉంటే అది పుట్టుక కాదు, ఎవరో రాసిన రాత అంటారు, దశాబ్దాల అనుభవం గల ఒక గణాంక పాత్రికేయురాలు."

"అది నువ్వే అమ్మమ్మా."

"తెలుస్తూనే ఉంది."

"ఆదివారం మొదటి పేజీ. ఇది వస్తే పర్మనెంటు చేస్తానని మా బాస్ నోటితో అన్నాడు." తర్వాత నా బుగ్గ గిల్లి, "విచిత్రం చూడు, దొంగలకి నీ తేదీయే దొరికింది. అసలైన నూట అరవై మందిలో నువ్వు ఒకదానివి" అంది.

చేతిలో మిగిలిన కేకు ముక్క పళ్ళెంలో పెట్టేశాను.

బాగుంది అన్నాను. వాక్యాలు బాగున్నాయి. నిజంగానే బాగున్నాయి.

బహుశా ఆ తేదీ వెనక సంగతి ఆలోచించే ఉంటుంది. తెలివైన పిల్ల. పొద్దున్న అడుగుతాను.

జూలై 2, మంగళవారం

అడగలేదు. ముఖం మీద ఆ వెలుగు పెట్టుకుని పాట పాడుకుంటూ వెళ్ళింది.

జూలై 3, బుధవారం

చెప్పాను.

"నేను పుట్టింది జూలై ఒకటిన కాదే."

తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆగింది.

చెప్పాను అంతా. మా నాన్న నన్ను బడిలో చేర్చడానికి తీసుకెళ్ళాడు. హెడ్మాస్టరు వయసు అడగలేదు. కుడిచెయ్యి తలమీదుగా పోనిచ్చి ఎడమచెవి అందుకోమన్నాడు. అందింది. అయితే బడి ఈడు వచ్చిందన్నాడు. పుట్టినతేదీ అంటే మా అమ్మ, పెద్ద గాలివాన వచ్చినప్పుడు కడుపులో ఉందని చెప్పి పంపింది. గాలివాన తేదీ ఆయనకీ గుర్తులేదు. బడి తెరిచింది జూలై ఒకటిన గనక జూలై ఒకటి అని రాశాడు. నా వెనక వరసలో చెవులు పట్టుకుని నిలబడ్డవాళ్ళందరికీ అదే రాశాడు. ఆ రోజు మా ఊళ్ళో ఎంతమందిమి పుట్టామో.

"ఇన్నేళ్ళూ నేను కేకు కోయించింది..."

"కేకు బాగుండేది. ఎందుకు ఆపాలి?"

నవ్వలేదు. "పదకొండు వేల మందీ మీ హెడ్మాస్టరు దగ్గరే చదివారా అమ్మమ్మా?"

"ప్రతి బడికీ ఒక హెడ్మాస్టరు ఉంటాడు. ప్రతి హెడ్మాస్టరుకీ అదే బద్ధకం."

"మరి బడి ముఖం చూడనివాళ్ళు?"

"వాళ్ళకి పాసు రాసిన గుమాస్తా ఉన్నాడుగా. ఖాళీ వదిలితే మీ కంప్యూటరు ఒప్పుకోదు. ఏదో ఒకటి కొట్టాలి."

"ఇది నీ ఒక్కదాని అనుభవం. ఒకటి. ఒకటి ఉదాహరణే గానీ లెక్క కాదని నాకు పాఠం చెప్పింది ఎవరు?"

నేనే. నా కత్తి నాకే ఎంత పదునుగా తగిలిందో చూసుకుని మురిసిపోవాలో ఏడవాలో తెలియలేదు.

"పేజీ కట్టేశారు. బొమ్మ గీయించారు. అధికారి మాట తీసుకున్నాం. లెక్క అడిగితే లెక్క చెప్పింది నువ్వు. ఇప్పుడు కాదంటున్నదీ నువ్వు. నేను బాస్ దగ్గరికెళ్ళి ఏమనాలి, మా అమ్మమ్మకి గాలివాన గుర్తొచ్చిందనా?"

"అలాగే అను. ఆదివారం నువ్వది వేస్తే సోమవారం పదకొండు వేల మంది ముసలాళ్ళు బస్సు దిగిపోవాలి. లేని సర్టిఫికెట్టు ఎక్కడినుంచి తెస్తారు?"

"నువ్వు కూడా వాళ్ళలో ఉన్నావని కదా ఇదంతా."

తలుపు మెల్లగానే వేసింది. విసిరి కొట్టి ఉంటే బాగుండేది.

మా అమ్మాయి ఫోను చేసి, "పిల్ల ఏడుస్తోంది, ఏమన్నావమ్మా?" అంది. నీ కూతురికి శాతాలు బాగా వచ్చు అన్నాను.

నాకేం కోపం లేదు.

జూలై 4, గురువారం

నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కింద బస్ స్టాపులో కూర్చున్నాను. రిటైరైన దొంగలా ఉన్నానని అద్దం చెప్పింది. పాత అలవాటు కొద్దీ సంచిలో చిన్న కాగితం, పెన్సిలు. చదవొద్దన్నాడు గానీ గీతలు పెట్టొద్దనలేదుగా.

పక్కన రెండు సంచులావిడ. మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళుతోంది.

"మీ పుట్టినరోజు ఎప్పుడండీ?"

"ఎందుకు, కేకు తెస్తారా?"

"పాసు మీద ఏం రాసుంది?"

"జూలై ఒకటి. అది పాసుది. నాది వేరు."

"మీదెప్పుడు?"

"మా పెద్దక్క పెళ్ళినాడే మా అమ్మకి నొప్పులొచ్చాయట. పెళ్ళి ఎప్పుడయిందని అక్కనడిగితే, నువ్వు పుట్టిన రోజేగా అంటుంది."

అవతల గొడుగాయన అందుకున్నాడు. ఒకప్పుడు దర్జీపని. "నాదీ జూలై ఒకటే. మా తమ్ముడిదీ అదే రోజు, అదే ఏడు. పాసుల ఆఫీసులో అమ్మాయి కవలలా అని అడిగింది. వాడు నాకంటే నాలుగేళ్ళు చిన్నోడండీ. ఇద్దర్నీ ఒకేరోజు బళ్ళో వేశారు, ఒకేరోజు పుట్టించారు."

"మరి మీరేం చెప్పారు?"

"కవలలమే అన్నాను. ఆ కుర్రదానికి తొందరగా ఉంది, నాకూ బస్సుకి టైమయింది."

సంచులావిడ నవ్వి నవ్వి సంచి జారవిడిచింది. ఒక బస్సు పోయింది, ఇంకొకటి వచ్చింది. కొత్తవాళ్ళు కూర్చున్నారు. ఒకామె మాత్రం నిజమైన తేదీ గడియారంతో సహా చెప్పింది, వాళ్ళమ్మ నర్సట. మిగతావాళ్ళలో కొందరు జూలై ఒకటి, ఒకరిద్దరు జనవరి ఒకటి, మిగిలినవి ఎవరో తోచినట్టు రాసినవి. అసలుది అడిగితే మాత్రం ఒక్కొక్కరి ముఖం వెలిగింది. రైలు వంతెన కట్టిన ఏడు. ఊరి చెరువు గట్టు తెగినప్పుడు. అన్నయ్య జైలు నుంచి వచ్చిన మర్నాడు. పుట్టుక అంటే వాళ్ళకి అంకె కాదు, ఎవరో చెప్పిన కథ. ఆ కథ చెప్పినవాళ్ళందరూ పోయారు.

పొద్దు తెలియలేదు. ఇలా పెన్సిలు పట్టుకుని వీధిలో కూర్చుని ఎన్నాళ్ళయింది. ఒక్కసారి తల తిప్పి ఆ ఏడో అంకె మళ్ళీ అడగనా అని అనబోయాను. పక్కన మా ఆయన కాదు, గొడుగాయన ఉన్నాడు.

సాయంత్రం మిరియానికి నా గీతల కాగితం చూపించాను. గొణుగుతూ చూసింది.

"బెంచీ మీద కూర్చున్నవాళ్ళే నీకు దొరుకుతారు. బెంచీ ఎంచుకున్నది నువ్వు. ఇది చెల్లదు అమ్మమ్మా."

"చెల్లదు" అన్నాను. "నిజమే."

నేను ఒప్పుకుంటానని అది అనుకోలేదు.

కుట్టుపని డబ్బా తెచ్చి గుండుసూది దాని చేతిలో పెట్టాను. "నీ జాబితా తీసుకో. కళ్ళు మూసుకుని పొడు. ఆ గుమ్మాలకి నువ్వెళ్ళు. నేను మాట్లాడను. వాళ్ళు లేకపోతే అచ్చు వేసుకో, పేపరు వాళ్ళకి పంచడానికి నేనే కేకు తెస్తాను."

సూది బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

జూలై 5, శుక్రవారం

పొద్దున వంటింట్లోకి వచ్చేసరికి కాఫీ పెట్టి ఉంది. బల్లమీద జాబితా కాగితాలు. వాటి నిండా సన్నటి చిల్లులు.

"నువ్వూ రా" అంది. "నాకు వాళ్ళనేం అడగాలో తెలీదు."

మొదటి గుమ్మం మూడో అంతస్తు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరివీ పాసులు, ఇద్దరివీ జూలై ఒకటి. ఏడాది తేడా. ఆయన రిటైరైన స్కూలు మాస్టారు.

"ఈయన నాకంటే ఏడాదే పెద్దటమ్మా" అని ఆవిడ పాసులు పక్కపక్కన పెట్టి చూపించింది. "ఈయన మా అన్నయ్యకి పాఠం చెప్పాడు."

"తొందరగా చదువుకున్నాను" అన్నాడాయన.

మిరియం నవ్వింది. పెదాలతోనే. పాసుల వెనక అంకెలు సరిచూసుకుంది. ఉన్నాయి. మనుషులున్నారు.

రెండు, మూడు, నాలుగు. ఒక గుమ్మానికి తాళం. పక్కింటివాళ్ళు చెప్పారు ఆయన ఆస్పత్రిలో ఉన్నాడని. అయిదో గుమ్మం సందు చివర, ఒంటి గది. లేతు మిషను మీద పనిచేసిన పెద్దాయన, కిటికీ పక్కన మంచం. వారానికి రెండుసార్లు బస్సెక్కి మూత్రపిండాల ఆస్పత్రికి వెళ్ళి రక్తం కడిగించుకుంటాడని ఆయన కోడలు చెప్పింది.

మెడలో తగిలించుకున్న గుర్తింపు కార్డు చూసి మిరియాన్ని పాసుల ఆఫీసు మనిషి అనుకున్నాడు. లేవబోయాడు. దిండు కింద నుంచి సంచి లాగి, అందులోంచి కాగితాలు ఒక్కొక్కటీ మంచం మీద పరుస్తున్నాడు. కరెంటు బిల్లు. పాత ఫ్యాక్టరీ కార్డు. ఎవరిదో పెళ్ళి ఫోటో.

"ఇంకేం తెమ్మంటారమ్మా? ఇంతకుముందు ఇవి చాలన్నారు."

"మేమేం తెమ్మనడం లేదు తాతగారూ. ఊరికే, మీరు ఏ రోజు పుట్టారో అడుగుదామని."

ఆయన దాని ముఖంలోకి చూశాడు. ఏ జవాబు చెబితే ఇది వెళ్ళిపోతుందా అని వెతికాడు. "మీ ఇష్టం తల్లీ. మీరు ఏది రాసుకుంటే అదే."

కాగితాలన్నీ మిరియమే మళ్ళీ సర్ది సంచిలో పెట్టింది. చాలాసేపు పట్టింది దానికి. నేను సాయం చెయ్యలేదు.

మిగిలిన గుమ్మాలకి కూడా వెళ్ళింది. ఇక చాలు అనలేదు. అందుకు నాకు గర్వం వేసింది గానీ చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా. పాసు ఇచ్చిన డిపోలవారీగా విడగొట్టాను. ప్రతి డిపోలోనూ అయిదారుగురిలో ఒకరు జూలై ఒకటి. వంతెన అవతలి డిపోలో మాత్రం పదకొండు మందే."

"ఎన్ని పాసులు అక్కడ?"

"నాలుగు వేలు. అందరూ ఏడాది పొడుగునా సమానంగా పుట్టారు. ఎంత చక్కగా పుట్టారో. జనవరిలో ఎంతమందో ఫిబ్రవరిలోనూ అంతమందే."

"ఆ వయసువాళ్ళు నాలుగు వేల మందికీ అసలు తేదీ తెలుసా?"

"తెలీదు." మెల్లగా అంది. "దొంగ ఎవడైనా అందరికీ ఒకే తేదీ వెయ్యడు కదా. అనుమానం రాకుండా చల్లుతాడు. నేను నిజంగా ఉన్నవాళ్ళని దొంగలనుకున్నాను. దొంగలు చూడ్డానికి ఎంత బావున్నారో అని వదిలేశాను."

ఏడో అంకె, అనుకున్నాను. నమ్మేలా ఉన్నదే నమ్మకూడనిది. ఆయన బతికుంటే ఈ పిల్ల పట్టుకున్నది విని గళ్ళకాగితం మీద నుంచి తల ఎత్తి ఉండేవారు.

స్టాపులో దిగి, అక్కడే నిలబడి బాస్‌కి ఫోను చేసింది. పక్కకి వెళ్ళమన్నా వెళ్ళలేదు, నేను వినాలనే.

"ఆదివారం కథ ఆపేయండి సార్... కాదు సార్, తప్పు. నాదే తప్పు... గుమ్మాలకి వెళ్ళొచ్చాను సార్... తెలుసు సార్, పేజీ కట్టేశారని... వేరే కథ ఉంది, కానీ ఇంకా చూడలేదు. చూడకుండా ఇవ్వను... అలాగే సార్. అర్థమైంది సార్."

ఫోను పెట్టేసి సంచిలో వేసుకుంది.

"ఏమన్నాడే?"

"పర్మనెంటు సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాడు. అప్పటిదాకా వాతావరణం పేజీ."

వెన్ను మీద చెయ్యి వేశాను. ఎముకలే. దీనికి తిండి పెట్టాలి.

జూలై 6, శనివారం

రోజంతా పడుకుంది. ఒకసారి లేచి, "నీ మాట తీసేశానులే, గణాంక పాత్రికేయురాలి మాట" అంది. అందులో తప్పేం లేదు, లెక్క సరైనదే, అన్నాను. "అదే కదా" అని మళ్ళీ పడుకుంది.

మా అమ్మాయికి నేనే ఫోను చేశాను. నీ కూతురు చాలా బాగుంది అన్నాను. ఏమైందమ్మా, ఏదైనా దాస్తున్నావా అంది.

జూలై 7, ఆదివారం

పేపరు వచ్చింది. డాక్టరు ఏమన్నా సరే అని మొదటి పేజీ వరకు చదివాను. పెద్ద అక్షరాలే కదా. దాని పేరు ఎక్కడా లేదు. రెండోసారి చదివాను, నింపాదిగా. ఒక పేజీని ఇంత తీరుబడిగా చదివి ఎన్నేళ్ళయిందో.

మిరియం దుప్పటి కప్పుకునే వచ్చి కుర్చీలో ముడుచుకుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏం వేశారు నా చోట?"

"జిరాఫీ పిల్ల."

"ఏమిటీ?"

"జూలో జిరాఫీకి పిల్ల పుట్టిందట. ఫోటో వేశారు. మెడ పొడుగు కదా, నీకిచ్చిన జాగా అంతా దానికే సరిపోయింది."

పేపరు లాక్కుని తనే చదివింది. "తెల్లవారుజామున నాలుగూ నలభైకి పుట్టిందట అమ్మమ్మా. బరువు కూడా రాశారు."

"అదృష్టవంతురాలు."

"డెబ్బై ఏళ్ళొస్తే బస్ పాసుకి ఏ ఇబ్బందీ ఉండదు దీనికి" అంది మిరియం. అని, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకున్న ఒక్క కంటికి తెలియలేదు. పేపరు మాత్రం ఊగుతోంది.

లేచి రొట్టె కాల్చి ఇచ్చాను. తింటూనే రేపు వంతెన అవతలికి ఏ బస్సు వెళుతుందని అడిగింది. వాతావరణం పేజీ మధ్యాహ్నానికి అయిపోతుందట. నన్ను రమ్మనలేదు. నేనూ అడగలేదు.

కింద తొమ్మిదిన్నర బస్సు ఆగింది. కర్ర పట్టుకున్న పెద్దాయన ఒకడు మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కి, జేబులోంచి పాసు తీసి పైకి ఎత్తాడు. కండక్టరు అటు చూడను కూడా లేదు.